గోడ మీద దారి

కుట్టు సెంటరు నుంచి,
జూన్ 3

ఏమే వసపిట్టా,

బతికే ఉన్నావా? రెండు నెలలుగా ఉత్తరం లేదు. సరే, అది నాకు అలవాటే. కానీ పేపర్లో నీ పేరు కూడా లేదేమిటి?

మీ అన్నయ్య పొద్దున్నే పేపరు పట్టుకుని వరండాలో కూర్చుంటారు కదా. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో నీ పేరు ఆయన నోటి వెంట రాలేదు. అయినా నీ వార్త ఉన్న పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో టీ చల్లారిపోతుంది. నేను చూడనట్టు ఉంటాను, ఆయన చదవనట్టు ఉంటారు. ఇదీ మా కాపురం.

నిన్న ఉన్నట్టుండి, "ఈ పేపరు వాళ్ళు మనుషుల్ని మార్చారా?" అన్నారు. నాకేం తెలుసన్నాను. "ఏప్రిల్ పద్ధెనిమిది నుంచి లేదు" అన్నారు. ఏది లేదో చెప్పలేదు గానీ తారీఖు మాత్రం తడుముకోకుండా వచ్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, కత్తెర వెతుక్కునే వంకతో లోపలికి పోయాను.

ఫోన్ చెయ్యమంటావేమో. ఆ ఫోను ఆయన రంగు డబ్బాల పక్కనే ఉంది. నేను హలో అన్నానంటే చాలు, అక్కడ ఆయన రాస్తున్న షాపు బోర్డు మీద బ్రష్షు ఆగిపోతుంది. అందుకే ఎప్పటిలాగే సెంటరుకే రాయి. ఇక్కడ ఆడపిల్లలు ముప్పై మంది ఉన్నా ఒక్కదానికీ ఉత్తరాల మీద ధ్యాస లేదు. నిన్న ఒకతి జాకెట్టుకి రెండు చేతులూ కుడిచేతివే కుట్టింది. పైగా "ఎడమచేయి వాళ్ళకి మేడం" అంటుంది. దానికి నీ నోరే వచ్చింది.

ఒంట్లో బాగుందా? అది ఒక్కటి ముందు రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ వదిన

*

జూన్ 9

వదినా,

ముందు అదే రాస్తున్నాను. ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. నీ మోకాలి కంటే నా మోకాళ్ళు నయం.

పేరు ఎందుకు లేదంటే, నన్ను వార్తా విభాగానికి పెద్దను చేశారు. అవును, మీ ఇంటి వసపిట్టనే! రిపోర్టర్లు, సబ్ ఎడిటర్లు, ఫోటోల వాళ్ళు, మొత్తం నూట పది మంది. ఏది మొదటి పేజీలో వెయ్యాలి, ఏది లోపలికి పోవాలి, ఏది ఆగాలి అన్నీ నేనే చెప్పాలి. ఇక్కడ ఈ కుర్చీలో ఆడది కూర్చోవడం ఇదే మొదలు. కుర్చీ కూడా ఆ సంగతి మర్చిపోనివ్వదు. పాత ఆయన ఆరడుగుల మనిషి, నాకు కాళ్ళు నేలకు అందవు. కింద పాత పేపర్ల కట్ట వేసుకుని కూర్చుంటున్నాను. మొదటి మీటింగులో ఒకాయన నన్ను చూసి, "అమ్మా, సారు ఎప్పుడొస్తారు?" అన్నాడు. "వచ్చేశారు, కూర్చోండి" అన్నాను. మిగతావాళ్ళ మొహాలు నువ్వు చూసి ఉండాల్సింది.

పెద్దవాళ్ళు వార్తలు రాయరు వదినా. అందుకే పేరు రాదు. ఇప్పుడు నా సంతకం సెలవు చీటీల మీద ఉంటుంది, అంతే. నాకు చుట్టూ అద్దాలున్న గది ఇచ్చారు. లోపలి నుంచి అందరూ కనబడతారు. వాళ్ళు ఎందుకు నవ్వుకుంటున్నారో మాత్రం వినబడదు. నిన్నటి దాకా ఆ నవ్వుల మధ్యే కూర్చున్నదాన్ని.

రోజూ సాయంత్రం నాలుగున్నరకి మొదటి పేజీ మీటింగు. అది అయ్యాక కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడతాను. మొన్న ఎదురు వీధిలో ఎవరో నిచ్చెన వేసుకుని షాపు బోర్డు రాస్తూ ఉంటే, వెనక నుంచి భుజాలు చూసి అన్నయ్యే అనుకున్నాను. అన్నయ్య కాదు. ఆయన ఎప్పుడూ ఎడమ మోచేయి గోడకి ఆనించి రాస్తాడు కదా.

ఏప్రిల్ పద్ధెనిమిది అన్నాడా? నిజంగా తారీఖు చెప్పాడా? ఇంకోసారి రాయి వదినా, ఆ ముక్క అచ్చం ఎలా అన్నాడో అలాగే రాయి. నేను పెద్దదాన్నయ్యానని ఆయనకి చెప్పు. సంతోషిస్తాడో లేదో గానీ చెప్పు.

నీ మరదలు

*

జూన్ 20

అమ్మ దొంగా,

ఇంత పెద్ద సంగతి నేను అడిగితే గానీ చెప్పవా? ఉత్తరం చదివి సెంటర్లో అందరికీ మిఠాయి పంచాను. మా ఆడపడుచు పేపరుకే పెద్ద అని చెప్తే, రెండు కుడిచేతుల పిల్ల "అయితే మేడం, నా ఫోటో వేస్తారా?" అంది.

ఇక అసలు సంగతి. నువ్వు తిట్టకుండా చదువు.

ఆ సాయంత్రం చెప్పేద్దామనే ఇంటికి వెళ్ళాను. నోరు తెరిచేలోపే మీ అన్నయ్య, "దాని ఉద్యోగం పోయినట్టుంది" అన్నారు. దాని అన్నారు! పదకొండేళ్ళ తర్వాత నీ గురించి నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఎందుకనుకుంటున్నారు అన్నాను. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎవరినైనా వెళ్ళగొడితే ముందు నన్నే పిలుస్తారు, బోర్డు మీద పేరు తుడిచెయ్యమని. పేరు తీసేశారంటే మనిషిని తీసేసినట్టే" అన్నారు. పెద్ద ఉద్యోగం వస్తే పేరు తీసేస్తారని ఆయన బ్రష్షుకి ఎలా తెలుస్తుంది? ఆయన లోకంలో మనిషి పెద్దవాడైతే అక్షరాలు పెద్దవవుతాయి.

అప్పుడే చెప్పాల్సింది. కానీ ఆయన వెంటనే, "ఎక్కడ తింటోందో" అన్నారు.  నేను లేచి వెళ్ళి అన్నం వడ్డించాను.

మర్నాడు మేడ మీది గదిలోంచి పాత బోర్డులన్నీ కిందికి దించారు. ఏమిటిదంటే చెమ్మ పట్టిందన్నారు. నాలుగు గోడలకీ రంగు వేశారు, నీకు ఇష్టమైన ఆ లేత పసుపే. కిటికీ పక్కన బల్ల వేశారు. చెమ్మకి బల్ల ఎందుకండీ అంటే నా మీద గయ్యిమన్నారు.

ఇప్పుడు చెప్పు. నేనెలా చెప్పను? నువ్వు గెలిచావంటే ఆయన మళ్ళీ మూతి ముడుచుకుంటారు. ఓడిపోయావనుకుంటున్నారు గనక తలుపు తెరిచారు. అనుకోనీ. ముందు నువ్వు గుమ్మంలోకి రా. మిగతాది నేను చూసుకుంటాను.

నీ వదిన

*

జూన్ 27

వదినా,

నిన్ను ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. నీ ఉత్తరం చదివి కోపంతో గదంతా తిరిగాను. అద్దాల గది కదా, అందరూ చూశారు. ఆ పూట ఎవరూ సెలవు చీటీ తేలేదు.

ఇరవై రెండేళ్ళ కష్టం వదినా. వానల్లో, కోర్టుల్లో, శవాల గదుల బయట నిలబడి సంపాదించుకున్న కుర్చీ. అది పోయిందని చెప్తే గానీ నాకు ఇంట్లో చోటు లేదా? ఇదీ నా కోపం.

కానీ ఆ లేత పసుపు సంగతి నాలుగుసార్లు చదివాను.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నేనెప్పుడూ నా నోటితో చెప్పలేదు. పదకొండేళ్ళ కిందట మన ఊరి సినిమా హాలులో పక్క తలుపు మూసి గోడ కట్టేశారని ఆ రోజు భోజనాల దగ్గర చెప్పింది అన్నయ్యే. తినుబండారాల కొట్టు పెట్టుకోవడానికి కట్టించి, తనిఖీ వాళ్ళకి దూరం నుంచి కనబడేలా ఆ గోడ మీదే "బయటికి దారి" అని, బాణంతో సహా అన్నయ్య చేత రాయించాడు ఓనరు. "నా బాణం నమ్ముకుని ఎవడైనా పరిగెత్తాడంటే ముక్కు పచ్చడే" అన్నాడు అన్నయ్య. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నేనూ నవ్వాను. మర్నాడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి ఆ గోడని నేనే తట్టి చూశాను. కళ్ళారా చూశాను గనక అది నా వార్త అయిపోయిందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అన్నయ్యని ఒక్క మాట అడగలేదు. పేపర్లో ఆయన పేరు రాయలేదు గానీ, ఆ ఊళ్ళో ఆ చేతిరాత ఎవరిదో తెలియనివాళ్ళెవరు? పోలీసు స్టేషన్లో పొద్దుగూకే దాకా ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఏ హాలు వాళ్ళూ మళ్ళీ ఆయన్ని బ్యానరు రాయడానికి పిలవలేదు.

"నా కంచం ముందు మాట పేపర్లో వేశావు. నా గుమ్మం తొక్కకు" అన్నాడు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు దిద్దాలని చూసినా ఒక్క అక్షరం కూడా మారదు.

ఒక నిజం చెప్పి ఇల్లు పోగొట్టుకున్నాను. ఇప్పుడు అబద్ధం చెప్పి తెచ్చుకోమంటున్నావు. సిగ్గులేకుండా రాస్తున్నాను వదినా, నాకు రావాలనే ఉంది. ఉద్యోగం పోయినదానిలా మొహం పెట్టుకుని, ఆ బల్ల దగ్గర కూర్చుని, కింద నుంచి ఆయన దగ్గు వింటూ ఒక్క మధ్యాహ్నం నిద్రపోవాలని ఉంది.

నీ మరదలు

*

జూలై 4

వసపిట్టా,

నీకు రావాలని ఉందన్నావుగా, అక్కడితో ఆగు. మిగతాదంతా నీ రాతల రోగం.

పదమూడో తారీఖు ఆదివారం. పొద్దున ఏడు గంటల బస్సెక్కితే పన్నెండుకి ఇక్కడుంటావు. ఉద్యోగం సంగతి నువ్వు ఎత్తకు, ఆయనా ఎత్తరు. ఏ ముఖం పెట్టుకుని ఎత్తుతారు? మంచి చీర కట్టుకోకు. ఆ తోలు సంచీ అసలు తేకు, నీ హోదా అంతా దాంట్లోనే ఉంది.

ఆదివారం నువ్వు రావచ్చని ఊరికే అన్నట్టు అన్నాను.  ఆయన రంగు కలుపుకుంటూనే, "ఏ బస్సు?" అన్నారు. చాలా నీకు?

నీ వదిన

*

జూలై 9

వదినా,

వస్తున్నాను. ఏడు గంటల బస్సు. సెలవు చీటీ రాసి నేనే సంతకం పెట్టుకున్నాను, ఇన్నాళ్ళకి ఆ కలం పనికొచ్చింది. తోలు సంచీ తేను. 

నీ మరదలు

*

జూలై 14

ఏమయ్యావు?

ఉత్తరం మొదట్లో ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు. నిన్న మీ అన్నయ్య పదకొండింటికే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, "స్టాండులో ఒక బోర్డు పెచ్చులూడిందట, చూసొస్తాను" అని వెళ్ళారు. పన్నెండు బస్సు వచ్చింది. రెండింటిది వచ్చింది. నాలుగింటికి నేనే వెళ్ళాను. ఒక స్తంభం పక్కన నిలబడి, దిగే ఒక్కొక్కరి మొహం చూస్తున్నారు. నన్ను చూసి, "బోర్డు బాగానే ఉంది" అన్నారు. ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం.

రాత్రి అన్నం కలుపుకుంటూ, "దానికి నా మీద కోపం పోలేదు" అన్నారు. దానికట, కోపమట! నేను ఏం చెప్పను? నువ్వు ఎందుకు రాలేదో నాకే తెలియదు. నీ ఆఫీసుకి ఫోన్ చేస్తే "మేడం మీటింగులో ఉన్నారు" అన్నారు. ఆ మాట విని నాకు మండిపోయింది. మీటింగు!

మేడ మీది గదికి ఈ పొద్దున తాళం వేశారు.

వదిన

*

జూలై 16

వదినా,

ఈ ఉత్తరం నీకు కాదు. అన్నయ్య ముందు కూర్చుని పైకి చదువు. నీ అబద్ధం బయటపడుతుంది, నన్ను క్షమించు. ఇంక దాన్ని మోయలేను.

అన్నయ్యా, నా ఉద్యోగం పోలేదు. పెద్దదయింది. ఇక్కడ పెద్దదయితే పేరు తీసేస్తారు. నువ్వు వేసిన రంగు, బల్ల, అన్నీ వదిన రాసింది. నేను ఓడిపోయాననుకుని నువ్వు తెరిచిన గదిలోకి గెలిచి రావడం ఎలాగో తెలియక, ఓడిపోయినట్టే వద్దామనుకున్నాను.

ఆదివారం ఎందుకు రాలేదో చెప్తాను. అంతకుముందు గురువారం మా రిపోర్టరు ఒకతను వార్త తెచ్చాడు. ఒక ఆసుపత్రి గోదాములో గడువు దాటిపోయిన మందుల పెట్టెల మీద కొత్త తారీఖులు అంటిస్తున్నారట. నీకెలా తెలుసన్నాను. "మా బాబాయి అక్కడ స్టోరుకీపరు మేడం, నిన్న మా ఇంట్లో భోజనం చేస్తూ అన్నాడు" అన్నాడు. మరి పేపర్లో వెయ్యొచ్చా అని ఆయన్ని అడిగావా అన్నాను. లేదన్నాడు. నాకు ఆ గదిలో ఇంకేమీ కనబడలేదు అన్నయ్యా, నీ కంచం కనబడింది. "వెళ్ళి అడుగు. ఆయన ఒప్పుకున్నాకే వేద్దాం" అన్నాను. నీకు చెయ్యనిది ఇంకెవరికైనా చేద్దామని ఒక రోజు ఆపాను.

బాబాయి భయపడిపోయి వద్దన్నాడు. అంతటితో ఆగక పైవాళ్ళకి చెప్పేశాడు. శనివారం మా వాళ్ళు వెళ్ళేసరికి గోదాము కడిగినట్టుంది. ఒక్క పెట్టె లేదు. ఆ మందులు ఎటు పోయాయో, ఎవరి ఒంట్లోకి పోతాయో తెలియదు. ఆదివారం పొద్దున ఆరింటికి మా పేపరు యజమాని పిలిచాడు. సాయంత్రం దాకా జవాబు చెప్తూనే ఉన్నాను. బస్సు టిక్కెట్టు జేబులోనే ఉంది. ఫోన్ చేసి ఉండాల్సింది. ఫోన్ తీసేది నువ్వే. ఏమని చెప్పాలో తెలియక, నంబరు నొక్కకుండానే పెట్టేశాను, మూడుసార్లు.

నీ మీద నాకు కోపమా? పదకొండేళ్ళుగా నేను రాసిన ప్రతి వార్తా నువ్వు చదువుతావని రాశాను. ఆ రోజు వార్త రాయడం తప్పని ఇప్పటికీ అనలేను. నిన్ను అడగకపోవడం తప్పు. అది నా తప్పే. నీ కాళ్ళు పట్టుకుని చెప్పాల్సింది కాగితం మీద చెప్తున్నాను.

చెల్లాయి

*

జూలై 23

వసపిట్టా,

చదివాను. ఏడవకుండా చదవమన్నారు, నావల్ల కాలేదు. ఉద్యోగం సంగతి దాచినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని మేడెక్కారు. తాళం తీసిన చప్పుడు విన్నాను. నీ బల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా రాశారు. నన్ను చదవనివ్వలేదు, కవరు ఆయనే అంటించారు. దీంతో పెట్టి పంపుతున్నాను.

వదిన

*

చెల్లాయికి,

ఉత్తరాలు రాయడం నాకు రాదు. బోర్డు మీద ఆరు మాటలకి మించి ఎప్పుడూ రాసినవాణ్ణి కాదు. తప్పులుంటే నువ్వే దిద్దుకో, అదే కదా నీ పనిప్పుడు.

నన్ను అడగకపోవడం తప్పని రాశావు. అడిగి ఉంటే నేనేం చేసేవాణ్ణో తెలుసా? వద్దనేవాణ్ణి. నువ్వు వినకపోతే చొక్కా తొడుక్కుని తిన్నగా ఓనరు దగ్గరికి పోయి చెప్పేసేవాణ్ణి. నీ రిపోర్టరు బాబాయి చేసిందే నేనూ చేసేవాణ్ణి. ఆ ఓనరు తెల్లారేసరికి గోడకి ఒక ఉత్త తలుపు తగిలించి తాళం కప్ప వేసేవాడు. నీ వార్త ఉండేది కాదు.

మీ ఇద్దరికీ చెప్పనిది ఒకటుంది. నేను ఆ బాణం గీస్తున్నప్పుడు హాల్లోకి బడిపిల్లలు వస్తున్నారు. వరసలో, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని. ఆ వారం పిల్లల సినిమా ఆడుతోంది. ఒక పిల్ల నా నిచ్చెన దగ్గర ఆగి, పైకి చూసి, కూడబలుక్కుని చదివింది. చదివి, "ఓహో, ఇటు పోవాలన్నమాట" అని పక్కదానికి చెప్పింది. నేను విన్నాను. విని, అక్షరాలకి రెండో పూత రంగు వేశాను. ఆ రాత్రి అది మీ దగ్గర నవ్వులాటగా చెప్పాను. నవ్వితే నాకు తేలికవుతుందనుకున్నాను.

రెండు రోజులకి నీ వార్త వచ్చింది. కోపం నీ మీదేనని ఊరంతా అనుకుంది. నువ్వూ అనుకున్నావు. నేనూ అలాగే అనుకోవాలని చాలా కష్టపడ్డాను. నీ మీద కోపం ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల మొహం గుర్తు చేసుకోనక్కర్లేకపోయింది. నువ్వు ఎదురుగా వస్తే గుర్తొస్తుంది. అందుకే గుమ్మం తొక్కొద్దన్నాను. నీకు ఉద్యోగం పోయిందనుకున్నాక, నువ్వూ నాలాగే తల వంచుకుని వస్తావు కదా, చూడగలనేమో అనిపించింది. ఎంత నీచమో నాకు తెలుసు.

నువ్వు అడగకపోవడమే మంచిదైంది. ఈ మాట పదకొండేళ్ళ క్రితం చెప్పి ఉంటే, మొన్న ఆ మందులు పట్టుబడేవి కాదా? నా వల్ల ఒక్క గోడ చాలదా, రెండోది కూడానా? నా పేరు చెప్పుకుని ఇంకెప్పుడూ దేన్నీ ఆపకు.

నిన్ను చూడాలని ఎంతగా ఉందో రాయడానికి నాకు అక్షరాలు రావు. అయినా ఈ ఆదివారం రావొద్దు. వచ్చే ఆదివారమూ వద్దు. ఆ పెట్టెలు ఎటు పోయాయో ముందు అది కనుక్కో. నీ కింద నూట పది మంది ఉన్నారట, అందరినీ పంపు. నీ పేరు ఉండదన్నావు కాబట్టి ఏది నీదో నాకు తెలియదు, ఇకమీదట అన్నీ చదువుతాను. ఆ మందుల వార్త పేపర్లో చూసిన రోజు నుంచి, వచ్చే ప్రతి బస్సుకీ నేను స్టాండులో ఉంటాను.

అన్నయ్య